ఆరు వారాలు అమెరికా చూసొచ్చాక మన లంక బడికి ఏం చెయ్యాలి?

టీచరు గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజోలు వైపు జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్నారు, ఫుల్‌బ్రైట్ వాళ్ల టీచర్ల కార్యక్రమంలో ఆరు వారాలు అమెరికా వెళ్లొచ్చారు, అక్కడి బడిలో లైబ్రరీ చూశాక మీరు పుట్టిన లంకలోని, అంటే గోదావరి మధ్య దీవిలోని, ప్రాథమిక బడి కళ్ల ముందు మెదిలింది, అక్కడ పరిచయమైన మన తెలుగువాళ్లు కొందరు డబ్బు పంపుతామంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బు ఎవరి ఖాతాలో వేయించుకోవాలి అని అడిగారు. రెండో దానికి ముందు జవాబు చెబుతాను, అందులో తప్పు జరిగితే మీ ఉద్యోగానికే టెన్షన్ కాబట్టి. మీ సొంత ఖాతాలో ఒక్క రూపాయి కూడా వేయించుకోకండి. ఫోన్‌పే నంబరు ఎవరికీ ఇవ్వకండి.

ప్రభుత్వ ఉద్యోగులు ముందస్తు అనుమతి లేకుండా చందాలు అడగకూడదు, తీసుకోకూడదు, ఇది 1964 నాటి ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా ఎవరో ఒకరు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే. ఇంకోటి, డబ్బిస్తామన్న వాళ్లలో ఎవరి దగ్గర ఇండియా పాస్‌పోర్టు ఉంది, ఎవరు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు అన్నది కనుక్కోండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగాలి. ఇండియా పౌరులుగానే ఉండి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. పౌరసత్వం మారినవాళ్లు మన ఊరివాళ్లే అయినా, చేతిలో ఓసీఐ కార్డు (పౌరసత్వం మారిన భారతీయ మూలాలవాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, విదేశీ విరాళాల మీద ఉన్న 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే సంస్థకి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్ రావాలంటే మామూలుగా సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు పని మీద ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు మొదట జమ కావాల్సింది ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యడం కూడా కుదరదు. డబ్బు కాకుండా ట్యాబులు, కంప్యూటర్లు పంపుతాం అన్నా బడికిచ్చేవి కాబట్టి అవీ విరాళం కిందే వస్తాయి. అందుకని పౌరసత్వం మారినవాళ్లకి ఒకటే మాట చెప్పండి: రిజిస్ట్రేషన్ ఉండి, మీ బడిలో స్వయంగా పని చేయగల సంస్థ ఉంటే దానికివ్వమనండి. లేకపోతే సమయం ఇమ్మనండి. వారానికి ఒక గంట వీడియోలో పిల్లలకి కథ చదివి వినిపించేవాళ్లు దొరికినా మనకి గొప్పే. కేంద్రం వాళ్ల విద్యాంజలి పోర్టల్ ఇలాంటి వాటికోసమే ఉంది, బడి తన యూడైస్ కోడ్‌తో, అంటే ప్రతి బడికీ ఉండే గుర్తింపు నంబరుతో, అందులో చేరి ఏం కావాలో రాసుకోవచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను లెక్కల మాష్టారిని, ఇప్పుడు రిటైరయ్యాను. 2003లో పేపర్లో ప్రకటన చూసి మాల్దీవులకి వెళ్లాను. అప్పుల్లో ఉన్నాను, జీతం కోసమే వెళ్లాను, దేశం చూద్దామని కాదు. తిరువనంతపురం నుంచి మాలేకి విమానం గంట పైచిలుకే, కానీ అక్కడి నుంచి మా దీవికి ధోనీ అనే పడవలో రాత్రంతా ప్రయాణం. పొద్దున్నే దిగి చూస్తే కొబ్బరి చెట్లు, ఇసుక, చుట్టూ నీళ్లు. ఆ క్షణం మా కోనసీమకే తిరిగొచ్చినట్టనిపించింది, తర్వాత తెలిసింది అక్కడ ఏరు లేదు, కాలవ లేదు, తాగడానికి వాన నీళ్లు ట్యాంకుల్లో పట్టుకోవాలని. పావుగంట నడిస్తే దీవి అయిపోతుంది. దాదాపు 1200 దీవుల దేశం, జనం ఉండేవి 190 లోపే, అయినా జనం ఉన్న ప్రతి దీవిలో కనీసం చిన్న బడి ఒకటి పెట్టుకున్నారు. నాకది వింతగా అనిపించింది, ఎందుకంటే మా లంకలో పిల్లలు హైస్కూలుకి ఏరు దాటే వెళ్లాలి.

మీరు చూసిన అమెరికా బడిలాంటిది కాదండి అది. లైబ్రరీ అంటే ఒక బీరువా. ల్యాబులో బ్యూరెట్లు రెండు. పదో తరగతి చివర పిల్లలు రాయాల్సింది మాత్రం కేంబ్రిడ్జి ఓ లెవెల్ పరీక్ష, చెప్పేవాళ్లలో చాలామంది మనలాంటి ఇండియా వాళ్లు, శ్రీలంక వాళ్లు, కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోయేవాళ్లు. ఏడాదికోసారి టీచరు మారితే పిల్లల గతి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అక్కడ నాకు దొరికిన విలువైన వస్తువు ఒక పుస్తకం, అచ్చు పుస్తకం కాదు, గీతల పొడుగు నోటుబుక్కు. నాకు ముందు లెక్కలు చెప్పి వెళ్లిపోయిన శ్రీలంక టీచరమ్మ బల్ల సొరుగులో పెట్టి వెళ్లారు. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. ఈ అబ్బాయికి భిన్నాలు వచ్చు, దశాంశాలు రావు. ఈ అమ్మాయి బోర్డు దగ్గరికి పిలిస్తే నోరు విప్పదు, పక్కన కూర్చుని అడిగితే మొత్తం చెబుతుంది. వీడి తండ్రి చేపల వేటకి వెళ్లిన వారం వీడు బడికి రాడు, వచ్చాక తిట్టొద్దు. ఇట్లా డెబ్భై పైన పేజీలు. ఆవిడ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. కానీ మొదటి వారంలోనే ఆ పిల్లల్ని ఏడాదిగా ఎరిగినట్టు పాఠం చెప్పగలిగాను. ధివేహీ భాష కుడి నుంచి ఎడమకి రాస్తారు, ఆ తాన లిపిలో నా పిల్లల పేర్లు చదవడం నేర్చుకుని నేను కూడా ఆ పుస్తకం రాస్తూ వచ్చాను. 2004 డిసెంబరు 26 సునామీ రోజున సెలవులకి ఇంటి దగ్గర ఉన్నాను. తిరిగి వెళ్లేసరికి బడిలోకి మోకాటి లోతు నీరొచ్చి కింది అరల పుస్తకాలన్నీ ముద్దయిపోయి ఉన్నాయి, ఆ నోటుబుక్కు మాత్రం బీరువా పైన ఎవరో పెట్టి ఉంచారు. ఎవరు పెట్టారని అడిగితే బడి ఊడ్చే ఆవిడ, అదొక్కటే మళ్లీ కొనలేం కదా అంది. 2008లో వచ్చేసేటప్పుడు దాన్ని నా తర్వాత మాష్టారి కోసం అదే సొరుగులో పెట్టాను.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని తప్పు పని, అది మీరు చెయ్యకూడదనే ఇంత రాస్తున్నాను. నేను చదువుకున్న లంక బడికి అయిదు కంప్యూటర్లు కొనిచ్చాను, అక్కడ దాచుకున్న డబ్బుతో. రిబ్బను కట్ చేశారు, శాలువా కప్పారు. కరెంటు సరిగ్గా ఉండేది కాదు, నేర్పేవాళ్లు లేరు, ఏటి గాలి తేమకి రెండేళ్లలో కీబోర్డులు బిగుసుకుపోయాయి. నేను ఆ బడిలో ఉన్న టీచరమ్మని ఒక్కసారి కూడా, అమ్మా మీకేం కావాలి అని అడగలేదు. ఆ సంగతి తట్టాక చాలా బాధేసింది. వెళ్లి అడిగితే ఆవిడ చెప్పింది వినండి. "మాష్టారూ, ముందు పడవ సంగతి చూడండి. ఆ పడవే పొద్దున్న హైస్కూలు పిల్లల్ని ఒడ్డుకి దింపాలి, తిరిగొచ్చేటప్పుడు మమ్మల్ని ఎక్కించుకోవాలి. పిల్లల దగ్గర డబ్బు తీసుకోడు కదా ఆయన, పాపం కూలికెళ్లేవాళ్లు, కూరగాయల బుట్టలవాళ్లు నిండేదాకా రేవులో ఆగుతాడు. ఆ పిల్లలు అక్కడ పది దాటాక చేరతారు, మేం ఇక్కడ పదిన్నరకి చేరతాం."

ఒక్క పడవ ఆలస్యానికి రెండు బళ్లలో మొదటి పీరియడ్లు పోతున్నాయి. ఏడాది పొడుగునా. మేం పడవ నడిపే ఆయనతో మాట్లాడి నెలకి 1500 ఇస్తాం, నిండినా నిండకపోయినా ఎనిమిదింబావుకి పడవ కదలాలి అన్నాం. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. అయిదు కంప్యూటర్ల ఖర్చులో ఆ డబ్బు ఏ మూలకీ రాదు, కానీ ఆ బడికి నేను చేసిన అసలు సాయం అదే.

పడవ అన్నాను కాబట్టి ఇంకోటి. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇళ్లకెళ్తున్న పిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి గౌతమిలో తిరగబడింది. ఆ పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. మీ లంక పిల్లలు పడవ మీద వెళ్లేవాళ్లయితే మీకొచ్చే మొదటి డబ్బు లైఫ్ జాకెట్లకే పెట్టండి, పిల్లల సైజువి, పెద్దవాళ్లవి కాదు, పిల్లలకి వదులైతే నీళ్లలో మెడ మీంచి జారిపోతాయి. కొని గదిలో పెట్టి తాళం వేస్తే లాభం లేదు, రేవు దగ్గరే ఒక పెట్టెలో ఉండాలి, వేసుకోని పిల్లని ఎక్కించుకోనని పడవ ఆయనే చెప్పాలి.

ఏం కొనకూడదో కూడా చెబుతాను. బ్యాగులు, నోటు పుస్తకాలు, బూట్లు, యూనిఫాం ఇవన్నీ ప్రభుత్వ కిట్‌లో వస్తున్నాయి, దాతలు మళ్లీ అవే పంచి ఫొటోలు దిగుతున్నారు. బెంచీలు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు కూడా ముందు వెళ్లి చూడండి. బళ్లు బాగుచెయ్యడానికి 2019 నవంబరు 14న మొదలైన నాడు నేడు పథకంలో తొలి విడతకే 15,715 బళ్లు తీసుకున్నారు, మీ బడి ఏదో ఒక విడతలో ఉండి ఉంటే వస్తువులు వచ్చే ఉంటాయి. వచ్చినవి నడవడానికి డబ్బుండదు, అదీ సమస్య. సమగ్ర శిక్ష పథకంలో బడి గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఇస్తారు, ముప్ఫై మంది లోపు ఉంటే ఏడాదికి 10,000, వంద లోపయితే 25,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి రిపేరు, మోటారు కాలితే మోటారు, అన్నీ అందులోనే. మోటారు బాగుచేయించడానికి 2,000 లేక మరుగుదొడ్డికి నీళ్లు రాక ఎదిగిన ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికెళ్లిపోయిన బడిని నా కళ్లతో చూశాను. అమెరికా నుంచి లక్ష పంపేవాళ్లు దొరుకుతారు, ఆ 2,000 ఆ వారంలోనే ఇచ్చేవాళ్లు దొరకరు. మీరు పెట్టాల్సింది ఆ రెండో రకం నిధి.

మీకు నచ్చిన లైబ్రరీ సంగతికి వస్తాను. అక్కడ మీరు గదిని చూశారు, షెల్ఫుల్ని చూశారు. ఆ గది రోజూ తెరిచి, పిల్లకి ఏ పుస్తకం ఇవ్వాలో తెలిసిన మనిషి ఒకరు ఉండి ఉంటారు, ఆ మనిషిని గుర్తు చేసుకోండి. మన బళ్లలో ఆ మనిషి లేకే పుస్తకాలు బీరువాల్లో మూలుగుతున్నాయి. మేమేం చేశామంటే లంకలోనే ఉన్న, డిగ్రీ మధ్యలో ఆపేసిన ఒక కోడలు పిల్లకి నెలకి 3,000 ఇచ్చి బడి అయ్యాక రోజూ గంటన్నర పిల్లల చేత చదివించమన్నాం. హెచ్చెమ్ గారు ఒప్పుకున్నారు, మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి కాగితం పెట్టాం. మొదట ప్రతి పిల్లనీ విడిగా కూర్చోబెట్టి చూడాలి: అక్షరాలు వచ్చా, మాటలు చదవగలదా, చిన్న పేరా చదవగలదా, కథ చదవగలదా. పల్లె పిల్లలకి చదువు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న పద్ధతే ఇది, అయిదు నిమిషాల పని. అయిదో తరగతి పిల్ల రెండో తరగతి కథ దగ్గర ఆగిపోతే ఆ పిల్లకి అయిదో తరగతి వాచకం చూపించి తిట్టడంలో అర్థం లేదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చెప్పాలి, తరగతిని బట్టి కాకుండా చదవగలిగినదాన్ని బట్టి గుంపులు కట్టాలి. పుస్తకాలు అరవై చాలు మొదట. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి, స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసి కుట్టించుకోవచ్చు. దాతలు తమ ఇంట్లో పాతబడిన ఇంగ్లిష్ పుస్తకాలు డబ్బాలకి డబ్బాలు పంపుతామంటారు, వద్దని చెప్పండి, మర్యాదగానే చెప్పండి.

ఆ శ్రీలంక టీచరమ్మ నోటుబుక్కు ఇక్కడ మళ్లీ పుట్టింది. మేం దాన్ని చదువు పుస్తకం అంటాం. పిల్లకో పేజీ, మూడు నెలలకోసారి ఒక పేరా. లంక బడికి వచ్చిన టీచర్లు ఎక్కువకాలం ఉండరు, వాళ్లనీ అనలేం, రోజూ ఏరు దాటి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. బదిలీ మీద వెళ్లేటప్పుడు ఛార్జి అప్పగింతలో ఎన్ని కుర్చీలు, ఎన్ని గ్లాసులు అని రాసిస్తారు, ఏ పిల్లకి ఏం వచ్చో మాత్రం ఎవరూ అప్పగించరు. ఆ పుస్తకం అప్పగించడం మొదలయ్యాక కొత్తగా వచ్చిన ఒక సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) అబ్బాయి నాకు ఫోన్ చేసి, మాష్టారూ నాకు ఒక టర్మ్ మిగిలిందండీ అన్నాడు. అంతకన్నా నాకేం కావాలి.

వరద గురించి మీరు అడగలేదు కానీ లంకలో పనంటే అది లేకుండా కుదరదు. 1986 ఆగస్టులో మా ఇంటి కప్పు మీద రెండు రాత్రులు కూర్చున్నవాణ్ణి నేను. 2022 జూలైలో మళ్లీ బడిలోకి నీరొచ్చింది, అప్పటికి మేం తెలివి తెచ్చుకున్నాం కాబట్టి ఒక్క పుస్తకం పోలేదు. పుస్తకాలు బీరువాలో పెట్టం, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ టబ్బుల్లో పెడతాం, ఇద్దరు మనుషులు మోయగలిగిన సైజువి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక కదా, ఆ మాట వినగానే టబ్బులు అటకెక్కాలి, 13.75 దాకా ఆగకూడదు. భద్రాచలంలో గోదావరి పెరుగుతోందంటే మనకి దాదాపు ఒకరోజు వ్యవధి ఉన్నట్టే, ఆ రోజు ఎవరు టబ్బులు మోయాలో ముందే పేర్లు రాసి గోడకి అంటించాం. చదువు పుస్తకం మాత్రం టీచరమ్మ తన సంచిలో ఒడ్డుకి తీసుకెళ్తారు.

డబ్బు విషయంలో చివరిగా. మీరు సొంతంగా సంస్థ పెట్టాలన్న తొందర వద్దు. ముందు పేరెంట్స్ కమిటీని కూర్చోబెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, కాగితం మీద ఉంటారు కూడా. వాళ్ల చేత మాట్లాడించండి. మగవాళ్లు ప్రహరీ గోడ, ఆర్చి అంటారు, తల్లులు నీళ్లు, పడవ, చదువు అంటారు, నా అనుభవంలో తల్లుల మాటే నిజమైంది. ఏం తీసుకున్నా తీర్మానం రాయాలి, వస్తువైతే స్టాక్ రిజిస్టర్లో ఎక్కాలి, నెల నెలా లెక్క బడి గోడ మీద అందరికీ కనబడేలా పెట్టాలి. ఊళ్లో పార్టీలుంటాయి, కులాలుంటాయి, గోడ మీద లెక్క ఉంటే మాటలు తగ్గుతాయి.

దాతల్ని కూడా అమెరికాలోనే వెతకకండి. మాకు అన్నిటికన్నా నిలకడగా డబ్బిచ్చేది కువైట్లో ఒక ఇంట్లో వంట చేసే మా లంక ఆడబిడ్డ. నెలకి 500. పదేళ్లు దాటింది, కరోనా అప్పుడు జీతం ఆగిన మూడు నెలలు తప్ప ఎప్పుడూ ఆపలేదు, తర్వాత ఆ మూడు నెలలదీ కలిపి పంపింది. పేరు రాయొద్దంది. ఆవిడది ఇండియా పాస్‌పోర్టే, సొంత కష్టార్జితం, బ్యాంకు ద్వారా వస్తుంది, ఏ చట్టంతోనూ ఇబ్బంది లేదు. కువైట్, మస్కట్ వెళ్లిన మనవాళ్లని ఎవరూ దాతలుగా చూడరు, అదే నాకు బాధ. ఒకేసారి లక్ష ఇస్తానన్న పెద్దమనిషికి కూడా నేను చెప్పేది, నెలకి రెండు వేలు నాలుగేళ్లు ఇవ్వండి అనే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ పండగ రోజో అన్నదానం చేసి ఊరుకోలేదు కదా, ఆకలితో ఏ వేళ ఎవరొచ్చినా పెట్టింది. బడికి కావాల్సిన డబ్బు కూడా అలా వస్తూనే ఉండాలి.

కాబట్టి ఈ శనివారం మీరు చెయ్యగలిగింది ఇది. లంక బడికి వెళ్లండి, పడవలోనే వెళ్లండి, కారు తిప్పుకుని కాజ్‌వే మీంచి కాదు. హెచ్చెమ్ గారిని, బడి శుభ్రం చేసే ఆయాని, వంట చేసే ఆవిణ్ణి విడివిడిగా అడగండి, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా పని ఎక్కడ ఆగుతోందని. రేవులో పడవ ఎన్నింటికి కదిలిందో రాసుకోండి. మీ అమెరికా అనుభవం గురించి అక్కడ మాట్లాడొద్దు, అది తర్వాత పిల్లలకి చెబుదురు గాని. మీ పై అధికారులకి అనుమతి కోసం పెట్టే దరఖాస్తు ఎలా రాయాలో కావాలంటే చెప్పండి, మేం పెట్టిన నమూనా ఉంది. చదువు పుస్తకంలో పిల్లల పేర్లు తీసేసి ఒక పేజీ ఫొటో రేపు ఇక్కడే పెడతాను, గీతలు ఎలా కొట్టామో చూసి మీ హెచ్చెమ్ గారికి చూపించండి.